దురదకి మందుల షాపులో ట్యూబ్ అడిగి కొంటున్నారా? ముందు అట్టపెట్టె తిప్పి చూడండి

విశాఖలో ఉండేవాళ్ళకి, ముఖ్యంగా పొద్దున్నే చీర కట్టుకుని బస్సెక్కి సాయంత్రం దాకా చెమటలో నానే ఆడవాళ్ళకి ఇది రాస్తున్నాను. నలభై రూపాయల ట్యూబ్ కొని నేను ఏడు నెలలు అవస్థ పడ్డాను. మా అమ్మాయి ఇంకా పడుతోంది. మీలో ఒక్కరికైనా ఇది తప్పితే నాకు అంతే చాలు.

మేము గోపాలపట్నంలో ఉంటాం. నా ఉద్యోగం డాబా గార్డెన్స్ వైపు ఒక ఆఫీసులో, అకౌంట్స్ పని. పోయిన వర్షాకాలంలో నడుం దగ్గర, సరిగ్గా లంగా బొందు కట్టుకునే చోట, రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ వచ్చింది. అంచు కాస్త ఉబ్బి, పొట్టు రాలుతూ ఉండేది. మధ్యలో మాత్రం మామూలు చర్మంలాగే ఉండేది. చెమట పడితే చాలు, పిచ్చి దురద. వానల్లో మన ఊళ్ళో బట్టలు ఎలా ఎండుతాయో మీకు చెప్పక్కర్లేదు. రెండు రోజులు దండెం మీద ఉన్నా బొందు దగ్గర తడి పోదు. ఆ తడి బొందునే బిగించి కట్టుకుని వెళ్ళిపోయేదాన్ని.

మా వీధి చివర మందుల షాపుకి వెళ్ళాను. షాపు పేరు రాయను. మచ్చ చోటు చెప్పడానికి మొహమాటపడి "అన్నయ్యా, దురదకి ఏదైనా ఇవ్వండి" అన్నాను. ఎక్కడ, ఎన్నాళ్ళ నుంచి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని ఒక్క మాట అడగలేదు. సొరుగులోంచి ట్యూబ్ తీసి "ఇది రాయండమ్మా, రెండు రోజుల్లో పోతుంది, అందరూ ఇదే పట్టుకెళ్తారు" అన్నాడు. డాక్టర్ చీటీ అడగలేదు. బిల్లు ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

నిజంగానే రెండో రోజుకి దురద పోయింది, ఎరుపు తగ్గింది. ఇంత మంచి మందు ఇంత చవగ్గా దొరికిందని పక్కింటి పిన్నిగారికి కూడా చెప్పాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రాయడం ఆపిన వారానికి మచ్చ మళ్ళీ వచ్చింది, ఈసారి అరచేయంత. మళ్ళీ ట్యూబ్, మళ్ళీ రెండు రోజుల్లో ఉపశమనం, మళ్ళీ వారానికి మొదలు. అయిదు నెలల్లో ఎనిమిది ట్యూబులు అయ్యాయి. మచ్చలు పొట్ట మీదికి, తొడలకి పాకాయి. గుండ్రటి ఆకారం పోయి, వలయంలో వలయంలా, అట్లకి అంచులు కలిసిపోయినట్టు తయారయ్యాయి. మా వారికి గజ్జల్లో వచ్చింది. ఆయనా అదే ట్యూబ్ రాసుకున్నారు. ఆయన తొడల లోపలి వైపు ఊదారంగు చారలు పడ్డాయి, కడుపుతో ఉన్నప్పుడు పొట్ట మీద పడతాయే, అలాంటివి. అవి చూశాకే భయమేసి స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం.

ఆవిడ పాత ట్యూబ్ అడిగి తీసుకుని, పెట్టె వెనక చదివి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మచ్చ అంచు నుంచి బ్లేడుతో కొంచెం పొట్టు గీకి, గాజు పలక మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూశారు. నన్నూ చూడమన్నారు. సన్నటి దారాలు, కొమ్మలు వేసినట్టు. అదే ఫంగస్. నాది తామర. నేను రాసిన ట్యూబ్‌లో స్టెరాయిడ్ ఉంది, అంటే ఎరుపుని, దురదని అణిచేసే మందు. స్టెరాయిడ్ పూసీ పూసీ రూపం మారిపోయిన తామరకి వైద్యంలో టీనియా ఇన్‌కాగ్నిటో అని పేరు కూడా ఉందట.

ఆవిడ చీటీ వెనక బొమ్మ గీసి చెప్పింది నాకు బాగా అర్థమైంది, మీకూ చెప్తాను. చర్మంలో పైది బాహ్యచర్మం, దాన్నే ఎపిడెర్మిస్ అంటారు. దాని కింద అంతశ్చర్మం, అంటే డెర్మిస్. ఆ కింద కొవ్వు పొర. బాహ్యచర్మం అడుగున కొత్త కణాలు పుడుతూ, పైకి జరుగుతూ, చచ్చి, కెరాటిన్ అనే గట్టి పదార్థంతో నిండిన పలచటి రేకుల్లా మారి రాలిపోతాయి. ఈ ప్రయాణానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. అంటే మనం చేత్తో తాకే పైపొర చచ్చిన కణాలదే. రక్తనాళాలు, నరాలు, చెమట గ్రంథులు, వెంట్రుక కుదుళ్ళు, చర్మానికి బిగువిచ్చే కొల్లాజెన్ నారలు ఇవన్నీ డెర్మిస్‌లో ఉంటాయి. రంగునిచ్చే మెలనిన్ తయారుచేసే కణాలు బాహ్యచర్మం అట్టడుగు వరసలో ఉంటాయి.

తామర ఫంగస్ తినేది ఆ కెరాటిన్‌నే. అది పైపొరలోనే ఉంటుంది. దాన్ని వెళ్ళగొట్టాలని మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ కింద నుంచి పోరాడుతుంది. మనకి కనబడే ఎరుపు, దురద ఆ పోరాటమే. మధ్యలో గెలిచి, అంచుల్లో ఇంకా పోరు నడుస్తోంది కాబట్టే మచ్చ ఉంగరంలా ఉంటుంది. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. దురద పోతుంది, ఫంగస్ పోదు. కుక్కకి మత్తు పెట్టి దొంగని ఇంట్లో వదిలినట్టన్నమాట. ట్యూబ్‌లో ఫంగస్ మందు కూడా ఉంది కదా అని నేను అడిగాను. స్టెరాయిడ్ పక్కనే ఉండగా ఆ మందు పని సాగదని, పైగా దురద పోగానే మనం రాయడం ఆపేస్తామని చెప్పారు. నేను చేసిందీ అదే.

ఇప్పుడు ఆ పెట్టె వెనక ఏముందో వినండి. క్లోబెటసాల్, నియోమైసిన్, మైకోనజోల్. కొన్ని రకాల్లో ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినాఫిన్ కూడా కలుపుతారు. ఒక స్టెరాయిడ్, ఒకటో రెండో యాంటీబయోటిక్‌లు, ఒక ఫంగస్ మందు. ఏ రోగమో తెలియకుండానే అన్నిటికీ ఒకేసారి పూసేస్తున్నాం. క్లోబెటసాల్ పూత స్టెరాయిడ్లలో అత్యంత బలమైన తరగతిది. బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, హాలోబెటసాల్ ఇవన్నీ స్టెరాయిడ్లే. పేరు చివర "సోన్" అనో "లోన్" అనో "సాల్" అనో కనబడితే అక్కడే ఆగి అడగండి. పేర్లు గుర్తుండకపోతే పెట్టె మీద ఎడమవైపు నిలువు ఎర్ర గీత, ఆర్ఎక్స్ (Rx) గుర్తు ఉన్నాయేమో చూడండి. ఉంటే అది డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల పూత స్టెరాయిడ్లని షెడ్యూల్ హెచ్, అంటే డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితా, కిందికి తెచ్చింది కూడా. చట్టం అలా ఉన్నా, నాకు మాత్రం బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చినట్టు చేతిలో పెట్టారు.

ఇక మా అమ్మాయి సంగతి. ఇది రాయాలంటే చెయ్యి ఆడడం లేదు. ఇంటర్ సెకండియర్. మొటిమలు వచ్చాయని, నేను షెల్ఫ్‌లో పెట్టిన ట్యూబ్ నాకు చెప్పకుండా ముఖానికి రాసుకుంది. స్టెరాయిడ్ రక్తనాళాలని కుంచించుకుపోయేలా చేస్తుంది కాబట్టి మొదట ముఖం పాలిపోయి తెల్లబడినట్టు కనిపిస్తుంది. స్నేహితులు "ఏం రాస్తున్నావే, మెరిసిపోతున్నావ్" అన్నారట. ఇంక మానుతుందా? మూడు నెలలు రాసింది. మానిన రోజు నుంచి ముఖం కందిపోయి మంట. ఎండలోకి వెళ్తే ఏడుపు. బుగ్గల మీద సన్నటి ఎర్రటి నాళాలు బయటికి కనబడుతున్నాయి, ఎప్పుడూ లేనంత మొటిమలు, పై పెదవి మీద నూగు పెరిగింది. కొల్లాజెన్ తగ్గి చర్మం పలచబడితే నాళాలు ఇలాగే బయటికి కనబడతాయట. మన దేశపు చర్మవైద్యులు ఈ పరిస్థితికి టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్ అని పేరు పెట్టారంటే, ఎంతమంది ఇలా వాళ్ళ దగ్గరికి వెళ్తున్నారో ఆలోచించండి. అరచేతి చర్మం మందం, ముఖం చర్మం అలా కాదు. ముంజేతితో పోలిస్తే ముఖం, గజ్జలు మందుని ఎన్నో రెట్లు ఎక్కువ పీల్చుకుంటాయి. ఒకే ట్యూబ్ నా నడుం మీద చేసినదానికన్నా మా అమ్మాయి ముఖం మీద ఎక్కువ చేసింది. మా వారి తొడల మీద చారల రంగు తగ్గుతుంది కానీ పూర్తిగా పోవని చెప్పారు.

ఒక్క మాట, స్టెరాయిడ్ అంటేనే విషం అనుకోకండి. ఎగ్జిమాకి, సోరియాసిస్‌కి డాక్టర్లు అదే ఇస్తారు, దానితోనే రోగులకి ఉపశమనం దొరుకుతుంది. ఎంత బలమైనది, ఒంటి మీద ఎక్కడ, ఎన్ని రోజులు అనేది వాళ్ళు చూసి చెప్తారు. అసలు ఇబ్బంది ఎక్కడొస్తోందంటే, మనం ప్రతిదాన్నీ "ఎలర్జీ" అంటాం, షాపువాళ్ళు ప్రతిదానికీ అదే ట్యూబ్ ఇస్తారు. గజ్జి తీసుకోండి. అది ఫంగస్ కానే కాదు, కంటికి కనబడనంత చిన్న పురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, రాత్రిపూట ఎక్కువ దురద పెడితే అది గజ్జి కావచ్చు. మొదటిసారి సోకినప్పుడు దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కాబట్టి, ఇంట్లో దురద లేనివాళ్ళతో సహా అందరూ ఒకే రోజు మందు రాసుకోవాలి. స్టెరాయిడ్ రాస్తే పురుగులు ఇంకా పెరుగుతాయి. మన ఉక్కపోతకి వీపు మీద వచ్చే చెమటకాయలు వేరు, అవి చెమట గొట్టాలు మూసుకుపోయి వచ్చేవి. గాలి తగిలితే, నూలు బట్టలు వేసుకుంటే చాలావరకు అవే తగ్గుతాయి. మెడ మీద, ఛాతీ మీద తెల్లటి పొడి మచ్చలు వస్తే బొల్లి అని కంగారు పడతారు, చాలాసార్లు అది శోభి. అదీ ఫంగసే, కానీ తామర ఫంగస్ కాదు. బొల్లిలో రంగు కణాలే పోతాయి, పొట్టు రాలదు. మోచేతుల మీద, మోకాళ్ళ మీద వెండి రంగు పొలుసులైతే సోరియాసిస్ కావచ్చు, ఇది అంటుకోదు. ఇవన్నీ చూపుతో తేల్చడం నా వల్లా కాదు, కౌంటర్ వెనక నిలబడ్డ మనిషి వల్లా కాదు.

మాకు తగ్గడానికి రెండు నెలల పైన పట్టింది. మాత్రలు, స్టెరాయిడ్ లేని పూతమందు ఇచ్చారు. పూతని మచ్చ మీదే కాకుండా అంచు దాటి రెండు సెంటీమీటర్ల వరకు రాయమన్నారు. మచ్చ మాయమైనా చెప్పిన రోజు వరకు ఆపవద్దన్నారు. ఇంట్లో అందరికీ వేరు వేరు తువ్వాళ్ళు. లోదుస్తులు, లంగాలు వేడినీళ్ళలో ఉతికి, ఎండ ఉన్నరోజు తిరగేసి ఆరేసి, వానరోజు బొందు, నడుంపట్టీ పూర్తిగా ఆరేదాకా ఇస్త్రీ చేయడం. కరెంటు బిల్లు పెరిగింది, కానీ మళ్ళీ రాలేదు. పిన్నిగారి దగ్గరికి వెళ్ళి ట్యూబ్ వాడొద్దని చెప్పి వచ్చాను. ఆవిడ అప్పటికే రెండోది కొన్నారు.

షాపు మీద ఫిర్యాదు చేద్దామనుకుంటే నా దగ్గర ఒక్క బిల్లు లేదు. అందుకే చెప్తున్నాను, పదిరూపాయల మందు కొన్నా బిల్లు అడగండి. బిల్లు, పెట్టె ఉంటే డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఫిర్యాదు ఇవ్వొచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. ప్రైవేటు డాక్టర్ ఫీజు భారమైతే ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో చర్మవ్యాధుల ఓపీ ఉంది. పొద్దున్నే వెళ్ళి లైన్లో నిలబడాలి, ఒక పూట పోతుంది. నాకు ఏడు నెలలు పోయాయి.

ఇప్పటికే ఇలాంటి ట్యూబ్ నెలల తరబడి ముఖానికి రాస్తున్నవాళ్ళు ఇది చదివి భయపడి ఈ రాత్రే ఆపేయకండి. మా అమ్మాయిలా ఒక్కసారిగా ఎదురు తిరుగుతుంది. ఎలా మానాలో డాక్టరే చెప్పాలి. వెళ్ళేటప్పుడు ఆ ట్యూబ్, పెట్టె రెండూ పట్టుకెళ్ళండి. సిగ్గుపడి దాచకండి. మా డాక్టర్ గారికి అసలు విషయం తెలిసింది పెట్టె వెనక చదివాకే.