పేసా, స్పిన్నా? మన దిక్కు పిల్లగాడికి ఏది మేలు

నల్గొండ స్టేడియంలోనో, పాలమూరు కాలేజీ గ్రౌండ్‌లోనో పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లగాడు బౌలింగ్ బాగా వేస్తుంటే చూసేవాళ్లు తలా ఒక మాట అంటారు. "పొడుగున్నడు, ఫాస్ట్ వెయ్యనియ్యి" అంటాడొకాయన. "హైదరాబాద్ అంటేనే స్పిన్ కదా, చెయ్యి తిప్పుడు నేర్పుండ్రి" అంటాడింకొకాయన. రెండో ఆయన మాటకూ ఆధారం ఉంది. గులాం అహ్మద్, శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్, వెంకటపతి రాజు, ప్రజ్ఞాన్ ఓజా, అందరూ హైదరాబాద్ తరఫున ఆడి ఇండియాకు వెళ్లిన స్పిన్నర్లే. అయితే ఈ ఇద్దరు పెద్దమనుషులూ పిల్లగాడి ఒళ్లు చూసి చెప్తున్నారు. వాడి ఊరికీ హైదరాబాద్ క్రికెట్‌కు కేంద్రమైన ఉప్పల్‌ స్టేడియానికీ మధ్య ఎంత దూరముందో చూడడం లేదు. నా లెక్కలో సగం తీర్పు ఆ దూరంలోనే ఉంది.

ముందు ఒళ్లు సంగతే చూద్దాం. ఫాస్ట్ బౌలర్ బంతి వదిలేటప్పుడు ముందు కాలు నేలను తాకే క్షణంలో అతని బరువుకు ఐదారు రెట్లు, ఒక్కోసారి ఎనిమిది రెట్లదాకా దెబ్బ ఆ కాలి మీద పడుతుంది. అదే సమయంలో నడుము ఒక పక్కకు వంగి మెలి తిరుగుతుంది. ఎదిగే వయసులో నడుము ఎముక ఇంకా గట్టిపడి ఉండదు కాబట్టి కింది పూసల్లో సన్నటి పగులు వస్తుంది. ఫాస్ట్ బౌలర్లను ఎక్కువగా పీడించే స్ట్రెస్ ఫ్రాక్చర్ ఇదే. బుమ్రా అంతటివాడే వెన్ను నొప్పితో 2022 టీ20 ప్రపంచకప్‌కు దూరమై, 2023 మార్చిలో న్యూజిలాండ్‌లో ఆపరేషన్ చేయించుకుని, ఆగస్టులో గానీ మళ్లీ బంతి పట్టలేదు. ఆయన వెనక బోర్డు ఉంది, ఫిజియోలున్నారు. దేవరకొండ పిల్లగాడికి నడుము నొప్పి వస్తే జండూ బామ్ రాసి, మర్నాడు మళ్లీ మొరం నేల మీద ఉరికిస్తాం. అక్కడే పోతున్నారు చాలామంది పేసర్లు.

స్పిన్నర్‌కు ఈ బాధ తక్కువ. భుజం లాగుతుంది, వేలి తోలు లేస్తుంది, అంతే. రోజుకు ముప్పై ఓవర్లు వేసినా మర్నాడు గ్రౌండ్‌కు వస్తాడు. వయసు కూడా తోడొస్తుంది. అశ్విన్ 2024 డిసెంబర్‌లో ముప్పై ఎనిమిదేళ్లకు, 537 టెస్టు వికెట్లతో అంతర్జాతీయ క్రికెట్ నుంచి విరమించాడు. ఇంగ్లండ్ పేసర్ అండర్సన్ నలభై రెండు దగ్గరపడేదాకా టెస్టుల్లో ఫాస్ట్ వేసి 704 తీశాడు కదా అంటారా, అట్లాంటి ఒళ్లు కోటికొకరిది. స్పిన్నర్‌కుండే గండం వేరు, అది మోచెయ్యి. బంతి వదిలేటప్పుడు వంగిన మోచెయ్యి పదిహేను డిగ్రీలు దాటి నిటారైతే యాక్షన్ మీద, అంటే బంతి వేసే తీరు మీద, ఫిర్యాదే. ఓజా 24 టెస్టుల్లో 113 వికెట్లు తీశాడు. 2013లో సచిన్ చివరి టెస్టులో పది వికెట్లు ఆయనవే. తర్వాత మళ్లీ టెస్టు ఆడింది లేదు. 2014 చివర్లో యాక్షన్ మీద వేటు పడింది, నెల రోజుల్లో సరిచేసుకుని వచ్చినా పాత చోటు దొరకలేదు.

డబ్బులో ఇద్దరికీ తేడా లేదు. రాష్ట్రాల జట్లు ఆడే రంజీలో తుది జట్టులో ఉంటే, ఇరవై మ్యాచ్‌లలోపు ఆడినవాడికి రోజుకు 40 వేలు. నలభై దాటినవాడికి 60 వేలు. పేస్‌కో రేటు, స్పిన్‌కో రేటు లేదు. ఖర్చులో మాత్రం ఉంది. వెనక కాలు ఈడ్చే పేసర్‌కు స్పైక్స్ బొటనవేలు దగ్గరే చిరుగుతాయి, జత మీద జత కొనాలి. వాడి తిండి కూడా ఇంట్లో నలుగురి తిండి.

ఇంతవరకు చూస్తే స్పిన్నే మేలనిపిస్తుంది. ఇప్పుడు బస్సెక్కండి.

నల్గొండ నుంచి నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా ఎల్బీ నగర్. అటు మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, షాద్‌నగర్, శంషాబాద్. ఎటునుంచి వచ్చినా వంద కిలోమీటర్లు అటూ ఇటూ. తెల్లారకముందు బయల్దేరి, కిట్ బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని వచ్చిన పిల్లగాడికి సెలెక్షన్ నెట్స్‌లో దొరికేది కొన్ని బంతులు. ఆ కొన్ని బంతుల్లో పేస్ దానంతటదే కనబడుతుంది. బ్యాట్స్‌మన్ రెండడుగులు వెనక్కి జరిగితే చాలు, పక్క నెట్‌లో ఉన్నవాళ్లు కూడా తల తిప్పి చూస్తారు. వీడెవడు, ఏ ఊరు, అని అడుగుతారు.

స్పిన్నర్‌కు ఆ సుఖం లేదు. వాడి పనితనం స్పెల్‌లో, అంటే వరసగా కొన్ని ఓవర్లు వేస్తేనే, తెలుస్తుంది. బ్యాట్స్‌మన్‌ను ముందుకు లాగి, ఒక ఫోర్ కొట్టనిచ్చి, మూడో ఓవర్లో కాస్త వెనక వదిలి స్టంప్ చేయిస్తాడు. ఆ మూడో ఓవర్ వాడికి ఇవ్వాలంటే కెప్టెన్‌కు నమ్మకం ఉండాలి. రోజూ నెట్స్‌లో కలిసే పిల్లగాడి మీద నమ్మకం కుదురుతుంది. ఆదివారం బస్సు దిగి, సాయంత్రం బస్సెక్కి పోయేవాడి మీద ఎట్లా కుదురుతుంది? మొదటి ఓవర్లో రెండు సిక్సులు పోతే బంతి వేరేవాడి చేతికి పోతుంది, మన పిల్లగాడు ఫైన్ లెగ్‌కు పోతాడు. కెప్టెన్‌ను తిట్టి లాభం లేదు, ఆయనకూ మ్యాచ్ గెలవాలి.

దానికితోడు మన ఊళ్లలో ఆడేదంతా టెన్నిస్ బంతి. దసరాకూ సంక్రాంతికీ పెట్టే టోర్నమెంట్లలో ఫ్లైట్ ఇచ్చినవాడికి, అంటే బంతిని గాల్లోకి ఎత్తి వేసినవాడికి, మిగిలేది సిక్సులే. అందుకే మంచి స్పిన్నర్ కాదగ్గవాడు కూడా బంతిని బల్లపరుపుగా విసరడం నేర్చుకుంటాడు. పేసర్‌కు మాత్రం ఆ ఆటే చేతి వేగం, యార్కర్ ఇస్తుంది. సిరాజ్ టెన్నిస్ బంతితో పెరిగినవాడే. 2015లో తొలి రంజీ ఆడి, మరుసటి సీజన్‌లో 41 వికెట్లు తీస్తే, 2017 ఐపీఎల్ వేలంలో సన్‌రైజర్స్ 2.6 కోట్లకు కొనుక్కుంది. అయితే సిరాజ్ పేరు చెప్పి పిల్లల్ని ఊరించేవాళ్లు ఒకటి మరిచిపోతారు. ఆయన తండ్రి ఆటో నడిపింది హైదరాబాద్‌లోనే, ఆయన ఆడిన గ్రౌండ్లూ అక్కడివే. పేదరికం ఉంది గానీ వంద కిలోమీటర్లు లేవు.

పైమెట్టున కూడా స్పిన్నర్‌కు సీటు ఇరుకే. 2025లో ఇంగ్లండ్‌లో సిరాజ్ ఐదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు వేశాడు, 23 వికెట్లు తీశాడు. అదే సిరీస్‌లో కుల్దీప్ యాదవ్ ఐదింటికీ బయటే కూర్చున్నాడు. బ్యాటింగ్ వచ్చిన స్పిన్నర్లు జడేజా, వాషింగ్టన్ ఆ చోట్లు పట్టుకున్నారు. కాబట్టి మీవాడిని స్పిన్‌లో పెడితే బ్యాట్ కూడా చేతికివ్వండి, అది లేకపోతే జిల్లా జట్టులోనే ఇబ్బంది.

నా మాటేమిటంటే, ఇంట్లోనే ఉండి వచ్చిపోయే పిల్లగాడికి నిజమైన వేగం ఉంటే పేసే మేలు, ఓవర్లు లెక్కపెట్టి వేయించాలి. పదిహేడేళ్లలోపు వాడితో పొద్దున ఒక మ్యాచ్, మధ్యాహ్నం ఒక టోర్నీ ఆడించే సీనియర్ల చేతిలో మాత్రం పెట్టకండి. ఎల్బీ నగర్‌లో మేనమామ ఇల్లో, హాస్టల్ సీటో ఉండి అక్కడే చదివేవాడైతే స్పిన్. హైదరాబాద్ క్లబ్బుల లీగుల్లో నాలుగేళ్లు ఓపికతో వేస్తే వాడికి ముందు చాలా కాలముంది.

అన్నింటికన్నా చెడ్డది ఎక్కువమంది చేస్తున్నది. రనప్ (ఉరికొచ్చే దూరం) షోయబ్ అక్తర్‌ది, బంతి కీపర్ దాకా రెండు టప్పాలు. ఈ మీడియం పేస్‌కు లీగుల్లో కొదవ లేదు. పదహారేళ్లొచ్చినా వేగం పెరగకపోతే మొహమాటం లేకుండా రనప్ తగ్గించాలి. కుంబ్లే మొదట మీడియం పేసరే. వరుణ్ చక్రవర్తి ఆర్కిటెక్ట్ పని చేసి, తిరిగొచ్చి సీమ్ (పేస్ బౌలింగే) వేసి, మోకాలు దెబ్బ తగిలాక స్పిన్‌కు మారాడు. ముప్పై మూడేళ్ల వయసులో, 2025లో తొలి వన్డే ఆడి, ఆ నెలలోనే మొదలైన చాంపియన్స్ ట్రోఫీ గెలిచిన జట్టులో ఉన్నాడు.

పిల్లగాడిది ఎడమచెయ్యి వాటం అయితే ఈ లెక్కలన్నీ కొంచెం తిరగబడతాయి. ఎడమచేతి స్పిన్నర్లు ప్రతి లీగు జట్టులో ఒకరిద్దరుంటారు, పోటీ గట్టిది. ఎడమచేతి పేసర్ దొరకడు. వేగం కాస్త తక్కువున్నా, కొత్త బంతిని లోపలికి తెస్తే ఏ కెప్టెనైనా ఉంచుకుంటాడు. సీవీ మిలింద్ హైదరాబాద్ రంజీ జట్టులో ఏళ్ల తరబడి ఆడింది ఆ వాటంతోనే. అట్లాంటి పిల్లగాడు మీ ఊర్లో ఉంటే ఎవరేమన్నా స్పిన్‌కు మార్చనియ్యకండి.