పిండ కణజాలమా, ఐపీఎస్ కణాలా?

ఊపిరితిత్తుల పునరుత్పత్తి మీద పరిశోధన చేద్దామనుకునే మన వైజాగ్ బయోటెక్ పిల్లలకి ఇదే టెన్షన్: గర్భస్రావం తర్వాత దానంగా వచ్చిన పిండ కణజాలమా, 2006లో జపాన్ శాస్త్రవేత్త యమనాక ఎలుక కణాలతో చూపించిన ఐపీఎస్ (మామూలు కణాల్ని వెనక్కి తిప్పి, ఏ రకం కణంగానైనా మారగలిగేలా చేసిన మూలకణాలు) దారా?

ఖర్చు: ఐపీఎస్‌కి గ్రోత్ ఫ్యాక్టర్లే (కణాల్ని పెంచే ప్రోటీన్లు) జేబు ఖాళీ చేస్తాయి. కణజాలాన్ని కొనకూడదు, అది దానమే.

శ్రమ: ఐపీఎస్ నెలల పని, పైగా వచ్చే కణాలు చాలావరకు పిండదశ దగ్గరే ఆగిపోతాయి, అవి నిజంగా ఊపిరితిత్తి కణాల్లా ఉన్నాయో లేదో చూడాలంటే మళ్లీ అసలు పిండ కణజాలంతోనే పోల్చుకోవాలి!

రిస్క్: కణజాలం ఎప్పుడు దొరుకుతుందో తెలీదు. గర్భస్రావం నిర్ణయం అయ్యాకే, విడిగా సమ్మతి అడగాలి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. ఇక్కడ తొందరపెట్టే గైడ్ దగ్గర అసలు చేరొద్దు. ఐపీఎస్‌లో జన్యుమార్పుల భయం.

ఊపిరితిత్తి సహజంగా ఎలా ఎదుగుతుందో తెలుసుకోవాలంటే కణజాలం. సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకునే వంశపారంపర్య జబ్బు) రోగి సొంత కణాల మీద మందులు పరీక్షించాలంటే ఐపీఎస్.