పట్టిక అడుగు నుంచి చూడండి: ఇంగ్లీష్ ఫుట్‌బాల్ లీగులపై చాలా సీజన్ల తర్వాత నా సమీక్ష

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ కొత్తగా చూసేవాళ్లు ఎక్కువగా ప్రీమియర్ లీగ్‌లో ఏదో ఒక పెద్ద క్లబ్బును ఎంచుకుని మొదలుపెడతారు. అలా మొదలుపెట్టడం తప్పేమీ కాదు. కానీ ఎన్నో సీజన్లుగా వదలకుండా చూస్తున్న మనిషిగా నా సలహా ఒకటే. పాయింట్ల పట్టికను కింది నుంచి పైకి చదవండి. ఈ ఆటలోని టెన్షన్, క్లబ్బుల మధ్య వైరాలు రెండూ అక్కడి నుంచే బాగా అర్థమవుతాయి.

ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు, ఒక్కొక్కరికి 38 మ్యాచ్‌లు. దాని కింద వరసగా ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ ఉంటాయి. ఈ మూడింట్లోనూ 24 జట్ల చొప్పున ఆడతాయి, ఒక్కో జట్టుకు 46 మ్యాచ్‌లు. ఐదో అంచె నేషనల్ లీగ్. ఆ కిందవి చిన్న చిన్న ఊళ్ల క్లబ్బులు ఆడే ప్రాంతీయ లీగులు. ఏటా ప్రీమియర్ లీగ్‌లో చివరి మూడు జట్లు కిందికి పడిపోతాయి, ఛాంపియన్‌షిప్ నుంచి మూడు పైకొస్తాయి. మొదటి రెండు స్థానాల జట్లు నేరుగా వస్తాయి, మిగిలిన ఒక్క చోటు కోసం వాటి కింది స్థానాల జట్లు ప్లేఆఫ్స్ ఆడతాయి, గెలిచింది పైకొస్తుంది.

మన ఐపీఎల్‌లో ఆఖరున నిలిచిన జట్టు మరుసటి ఏడాది అదే లీగ్‌లో ఆడుతుంది. ఇక్కడ ఛాంపియన్‌కు కూడా ఆ భరోసా లేదు. లెస్టర్ సిటీ 2016లో టైటిల్ గెలిచింది. అదే క్లబ్బు 2023లో పడిపోయింది, ఏడాదికి తిరిగొచ్చింది, 2025లో మళ్లీ పడిపోయింది. లూటన్ టౌన్ 2014లో ఐదో అంచె నుంచి బయటపడి, 2023లో వెంబ్లీ స్టేడియంలో ప్లేఆఫ్ ఫైనల్లో కోవెంట్రీని పెనాల్టీల్లో ఓడించి ప్రీమియర్ లీగ్‌కు చేరింది. అక్కడ ఒక్క సీజనే నిలిచింది. ఆ తర్వాతి సీజన్ అయ్యేసరికి లీగ్ వన్‌లో ఉంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో నేను టైటిల్ పోటీ కన్నా ముందు పదిహేడు, పద్దెనిమిది స్థానాల జట్ల మ్యాచ్‌లు చూస్తాను.

తెలుగువాళ్లకు దగ్గరి కథ ఒకటుంది. 1995లో ప్రీమియర్ లీగ్ గెలిచిన బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను 2010లో వెంకీస్ కొన్నది. 1971లో బి.వి. రావు హైదరాబాద్‌లో మొదలుపెట్టిన వెంకటేశ్వర హేచరీస్ గ్రూపు అది. 2012 మేలో సొంత మైదానంలో విగన్ చేతిలో ఓడి క్లబ్బు పడిపోయింది. ఆ మ్యాచ్‌లోనే క్లబ్బు రంగులు చుట్టిన కోడిని మైదానంలోకి వదిలి అభిమానులు నిరసన తెలిపారు. 2017లో లీగ్ వన్‌కు దిగి, మరుసటి ఏడాదే ఛాంపియన్‌షిప్‌కు తిరిగొచ్చింది. క్లబ్బు తమదేనని, యజమానులు కొన్నాళ్లు ఉండి పోయేవాళ్లేనని అక్కడి అభిమానులు గట్టిగా నమ్ముతారు. ఇది తెలియకపోతే వాళ్ల కోపం మనకు అతిగా కనిపిస్తుంది.

ఇక వైరాలు. ఒకే ఊరి జట్లు కాబట్టి పడదు అనుకుంటే సగమే తెలిసినట్టు. లివర్‌పూల్ నగరంలోని ఆన్‌ఫీల్డ్ మైదానంలో మొదట ఆడింది ఎవర్టన్. అద్దె గొడవతో 1892లో అది స్టాన్లీ పార్క్ అవతలికి వెళ్లిపోయింది. ఖాళీ అయిన మైదానం కోసం పుట్టిన క్లబ్బే లివర్‌పూల్. ఆర్సెనల్ 1913లో దక్షిణ లండన్ నుంచి హైబరీకి, టోటెన్‌హామ్ ఇలాకా దగ్గరికి మారింది. 1919లో మొదటి డివిజన్‌ను 20 నుంచి 22 జట్లకు పెంచినప్పుడు, అందులో ఆఖరున ఉన్న టోటెన్‌హామ్‌ను దింపేసి, రెండో డివిజన్‌లో ఉన్న ఆర్సెనల్‌ను ఓటింగ్‌తో పైకి తెచ్చారు. పొరుగువాడొచ్చి మన కుర్చీలో కూర్చున్నంత మంట అది. వందేళ్లు దాటినా చల్లారలేదు.

డివిజన్లు మారితే వైరం ఏళ్ల తరబడి మ్యాచ్ లేకుండా ఉండిపోతుంది. న్యూకాజిల్, సండర్‌లాండ్ పక్కపక్క ఊళ్లు. సండర్‌లాండ్ 2017లో, 2018లో వరసగా పడిపోయి లీగ్ వన్ దాకా వెళ్లింది. 2016 తర్వాత ఈ రెండూ లీగ్‌లో మళ్లీ ఎదురుపడింది 2025 డిసెంబర్‌లో, సండర్‌లాండ్ పైకొచ్చాకే. ఆ మ్యాచ్‌లో సండర్‌లాండ్ 1-0తో గెలిచింది. అన్నేళ్ల ఎదురుచూపు సంగతి తెలిసి చూస్తే ఆ ఒక్క గోల్ బరువు తెలుస్తుంది.

నాకు అన్నిటికన్నా దగ్గరైనది వింబుల్డన్ కథ. 1988లో ఎఫ్‌ఏ కప్ (వేర్వేరు అంచెల క్లబ్బులు కలిసి ఆడే నాకౌట్ టోర్నీ) గెలిచిన ఈ లండన్ క్లబ్బును దూరంగా ఉన్న మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002లో అనుమతి వచ్చింది. అభిమానులు వెంటనే సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టుకుని తొమ్మిదో అంచె నుంచి మొదలుపెట్టారు. 2011కల్లా లీగ్ టూకు చేరారు, 2020లో ప్లౌ లేన్‌లో కొత్త స్టేడియం కట్టుకుని తమ పాత పేటకు తిరిగొచ్చారు. మిల్టన్ కీన్స్‌కు వెళ్లిన క్లబ్బుతో వాళ్ల మ్యాచ్ ఎప్పుడున్నా నేను తప్పకుండా చూస్తాను. పైకెళ్లే దారి అందరికీ తెరిచి ఉంది కాబట్టే ఆ అభిమానులు అంత పైకి రావడం సాధ్యమైంది.

నచ్చనివీ ఉన్నాయి. హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాటలో 97 మంది లివర్‌పూల్ అభిమానుల ప్రాణాలు పోయిన దుర్ఘటన మీద, మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్లను బలిగొన్న 1958 మ్యూనిక్ విమాన ప్రమాదం మీద స్టాండ్స్‌లో ఎగతాళి పాటలు పాడేవాళ్లు ఇంకా ఉన్నారు. దానికి వైరం అన్న పేరు పెట్టి సమర్థించడం నాకు అసహ్యం. డబ్బు తేడా ఇంకో సమస్య. ప్రీమియర్ లీగ్‌కు కొత్తగా వచ్చిన మూడు జట్లూ అదే ఏడాది తిరిగి పడిపోవడం 2024లో, 2025లో వరసగా జరిగింది. 1885లో పుట్టిన బరీ క్లబ్బును ఆర్థిక ఇబ్బందుల వల్ల 2019లో లీగ్ నుంచి తీసేశారు. అలాంటివి ఆపడానికి 2025లో చట్టం చేసి స్వతంత్ర నియంత్రణ సంస్థను పెట్టారు. ఇంకా ముందే రావాల్సింది.

టైమింగ్ మనకు బాగానే కుదురుతుంది. అక్కడ శనివారం మధ్యాహ్నం మూడింటి మ్యాచ్‌లు ఇక్కడ రాత్రి ఏడున్నరకు, చలికాలంలో ఎనిమిదిన్నరకు మొదలవుతాయి. స్టేడియాలకు జనం తగ్గకూడదని ఆ మ్యాచ్‌లను బ్రిటన్ టీవీల్లో లైవ్ ఇవ్వరు, మనం మాత్రం చూడొచ్చు. వారం మధ్యలో జరిగేవి అర్ధరాత్రి దాటాకే, పొద్దున్నే ఆఫీసు ఉన్నవాళ్లకు కష్టం. కింది డివిజన్ల మ్యాచ్‌లు అన్నీ మనకు దొరకవు, స్కోర్లు, హైలైట్స్‌తో సరిపెట్టుకోవాలి. అయినా పెద్ద క్లబ్బుతో పాటు ఛాంపియన్‌షిప్‌లో ఒక జట్టును ఎంచుకోండి. ఆగస్టు నుంచి దాన్ని వదలకుండా అనుసరించి, మే నెలలో ప్లేఆఫ్ ఫైనల్ మాత్రం మొదటి నిమిషం నుంచి చూడండి.