ఇంగ్లండులో శనివారం జీపీ అపాయింట్‌మెంటు: వైద్యం బాగుంది, అభిప్రాయం అడిగే తీరు మారాలి

మేము ఉండేది ఇంగ్లండు మధ్య ప్రాంతంలోని ఒక చిన్న పట్టణంలో. నేను వృద్ధాశ్రమంలో పని చేస్తాను, మా వారు గోదాములో షిఫ్టులు చేస్తారు. వారం మధ్యలో డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే మాలో ఒకరు ఆ రోజు జీతం వదులుకోవాలి. అందుకే మా అత్తగారికి తల తిరుగుతోందని ఫోన్ చేసినప్పుడు శనివారం ఉదయం అపాయింట్‌మెంటు ఇవ్వడం మాకు ఎంతో ఊరటనిచ్చింది. ఆ సేవ ఎలా ఉందో, తరువాత దాని మీద మా అభిప్రాయం ఎలా అడిగారో, ఇక్కడి తెలుగు కుటుంబాలకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

జీపీ అంటే ఏ జబ్బుకైనా ముందుగా చూసే మామూలు డాక్టరు. వాళ్ల క్లినిక్‌ను ఇక్కడ ‘సర్జరీ’ అంటారు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ మాట విని ఆపరేషన్ అనుకొని కంగారుపడనక్కరలేదు. దాని మామూలు వేళలు సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 8 నుంచి సాయంత్రం 6.30 దాకా. ఇరుగుపొరుగు సర్జరీలు కలిసి ఏర్పడిన ప్రైమరీ కేర్ నెట్‌వర్కులు వారపు రోజుల్లో సాయంత్రం 6.30 నుంచి 8 వరకు, శనివారం ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు కూడా రోగులను చూడాలన్న నిబంధన 2022 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. దీనిని ‘ఎన్‌హాన్స్‌డ్ యాక్సెస్’ అంటారు. ప్రతి 1,000 మంది రోగులకు వారానికి 60 నిమిషాల లెక్కన, 40,000 మంది ఉన్న నెట్‌వర్కు సుమారు 40 గంటలు కేటాయించాలి. నర్సులు, ఫార్మసిస్టులు చూసే సమయం కూడా అందులోనే కలుస్తుంది.

ఈ సౌకర్యం ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. సర్జరీ గోడ మీద చిన్న అక్షరాల్లో ఉన్న కాగితం చూసి నేనే అడిగాను. మీరు కూడా ఫోన్‌లో ‘సాయంత్రం గాని శనివారం గాని ఉందా’ అని నోరు తెరిచి అడగండి. మీ సర్జరీలోనే చూస్తారన్న హామీ లేదు. మమ్మల్ని రెండు మైళ్ల దూరంలోని మరో సర్జరీకి పంపారు. అయినా అక్కడి డాక్టరు గారు మా అత్తగారి పాత రికార్డును కంప్యూటరులో తెరిచి, మాత్రలన్నీ ఒక్కొక్కటిగా చూసి, కూర్చోబెట్టీ నిలబెట్టీ రక్తపోటు కొలిచి, ఒక మాత్ర మోతాదు తగ్గించారు. వారం తిరగకుండానే తల తిరగడం తగ్గింది. పైసా ఖర్చు లేదు. వైద్యం వరకు నాకు ఏ ఫిర్యాదూ లేదు.

లోటు మాట దగ్గర వచ్చింది. మా అత్తగారికి తెలుగు తప్ప మరో భాష రాదు. వారపు రోజుల్లో మా సర్జరీ వాళ్లు ఫోన్‌లో తెలుగు అనువాదకురాలిని కలుపుతారు. ఆ శనివారం మాత్రం ఆ ఏర్పాటు లేదన్నారు. నేనే మధ్యలో కూర్చొని ఇటు మాట అటు చెప్పాను. పది నిమిషాల్లో అంతా సవ్యంగా జరిగిందనుకున్నాను. రెండు వారాల తరువాత, మంగళవారం నాటి మామూలు అపాయింట్‌మెంటులో అనువాదకురాలితో మాట్లాడుతూ, దగ్గినప్పుడల్లా మూత్రం జారిపోతోందని ఆవిడ మొదటిసారి బయటపెట్టారు. కోడలి నోట ఆ మాట చెప్పించడానికి ఆవిడకు ప్రాణం ఒప్పలేదు. ఎన్ని నెలలుగా ఓర్చుకున్నారో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ శనివారం సాయంత్రానికే నా ఫోన్‌కు సర్జరీ వాళ్ల సందేశం వచ్చింది: మొత్తం మీద మా సేవ ఎలా ఉంది? ‘చాలా బాగుంది’ నుంచి ‘ఏమాత్రం బాగాలేదు’ వరకు ఒకటి ఎంచుకోవాలి. ఇది 2014 డిసెంబరు నుంచి జీపీ సర్జరీలన్నిటిలో ఉన్న ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ టెస్ట్’. డాక్టరు గారి మీది కృతజ్ఞతతో ‘చాలా బాగుంది’ నొక్కాను. సందేశం ఇంగ్లిషులో వచ్చింది, వచ్చింది నా ఫోన్‌కు, జవాబిచ్చింది నేను. రోగి మా అత్తగారు. ఆవిడను ఎవరూ ఏమీ అడగలేదు, నాతో సహా.

తరువాత నెట్‌వర్కు నుంచి పెద్ద ప్రశ్నావళి వచ్చింది. ఏ రోజు, ఏ వేళ, డాక్టరా నర్సా, ఎదురుగానా ఫోన్‌లోనా అన్నవి అడిగారు. మంచి ప్రశ్నలే. కానీ అనువాదకుల ప్రస్తావన లేదు, మరో సర్జరీకి బస్సు ఉందా అన్న ప్రశ్న లేదు, అసలు ఈ వేళల సంగతి తెలియక ఎప్పుడూ రానివారిని చేరే దారి అంతకన్నా లేదు. వచ్చినవారినే అడిగితే రాలేకపోయినవారి ఇబ్బంది ఎలా తెలుస్తుంది? ఇంగ్లండులో ప్రతి సర్జరీకీ, సేవల మీద రోగుల మాట వినిపించే రోగుల బృందం ఉండాలన్న నియమం 2015 నుంచి ఉంది. మా సర్జరీ బృందానికి ఈ మూడు విషయాలూ రాసి పంపాను. వీలైనవారు మీ బృందానికీ రాయండి.

ఈసారి ప్రశ్నావళిని వంటింట్లో కూర్చొని మా అత్తగారికి తెలుగులో చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, “శనివారం పొద్దున్నే అయితే బాగుంటుంది, ఆడ డాక్టరైతే మరీ మేలు. నా జబ్బు సంగతి నన్నే చెప్పుకోనివ్వమని కూడా రాయమ్మా” అన్నారు. చివర ఉన్న ఖాళీ గడిలో ఆవిడ మాటలనే ఇంగ్లిషులో రాసి, ఆవిడ పేరుతోనే పంపాను.