కొత్తదని చెప్పి వాడేసిన హార్డ్ డిస్క్ అంటగట్టారు: బ్యాకప్ డ్రైవు కొనేవారు జాగ్రత్త

బ్యాకప్ కోసం ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనబోతున్నవారు, ముఖ్యంగా నాలాగా ఫొటో స్టూడియో నడుపుకునేవారు, డబ్బు కట్టిన రోజునే చేయవలసిన పరీక్ష ఒకటుంది. దానిని నేను ఇరవై మూడు రోజులు ఆలస్యంగా చేసి నష్టపోయాను.

మిగతాచోట్ల చెప్పిన ధర కంటే దాదాపు మూడు వేలు తక్కువకు వస్తోందని హైదరాబాద్‌లోని ఒక కంప్యూటర్ దుకాణంలో 8 టీబీ డెస్క్‌టాప్ డ్రైవు తీసుకున్నాను. అట్టపెట్టె మీద ప్లాస్టిక్ కవరు ఉంది, బిల్లు కూడా ఇచ్చారు. రెండో వారంలో ఒక రాత్రి కరెంటు పోయి, ఫ్యాను ఆగి, యూపీఎస్ మీద కంప్యూటరు ఒక్కటే నడుస్తున్నప్పుడు ఆ డ్రైవులోంచి టక్, టక్, టక్ అని వరుసగా చప్పుడు వినిపించింది. ఒక క్షణం ఆగి మళ్లీ అదే వరుస. పైన చెయ్యి వేసి చూస్తే ఒక్కో చప్పుడుకూ డబ్బా సన్నగా అదురుతోంది. సరిగ్గా అప్పుడే కాపీ వేగం సున్నాకు పడిపోయి, కాసేపటికి మళ్లీ లేస్తోంది.

దుకాణానికి ఫోన్ చేస్తే “పెద్ద డ్రైవులు అలాగే సౌండ్ చేస్తాయి సార్, మామూలే” అన్నారు. ఆ మాటలో సగం నిజం ఉండబట్టే నేను నమ్మాను. ఎక్కువ సామర్థ్యం ఉన్న డ్రైవులు రాసేటప్పుడు గరగరమంటాయి, కొన్ని మోడళ్లు ఏ పనీ చేయనప్పుడు కూడా ఐదు సెకన్లకొకసారి మెత్తగా కొట్టుకుంటాయి, అది జబ్బు కాదు. అయితే చప్పుడుతో పాటు కాపీ ఆగిపోవడం, ఫోల్డరు తెరుచుకోవడానికి నిమిషాలు పట్టడం, డ్రైవు తనంతట తాను మాయమై మళ్లీ ప్రత్యక్షం కావడం మామూలు కాదు. తిరిగే పళ్లేల మీద తాను ఎక్కడ ఉన్నదో చెప్పే గుర్తులను హెడ్ (డేటాను చదివే, రాసే భాగం) చదవలేకపోయినప్పుడు వెనక్కి తన స్థానానికి పోయి మళ్లీ ప్రయత్నిస్తుంది. మనకు వినిపించే టకటకలో చాలా భాగం ఆ రాకపోకలదే.

దుకాణదారు మాట మీద మరో తొమ్మిది రోజులు గడిపాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూశాను. డ్రైవు తన గురించి తానే రాసుకునే స్మార్ట్ లెక్కల్లో, పవర్ ఆన్ అవర్స్ దగ్గర 19,000 గంటలకు పైగా ఉంది. ఏడాదికి 8,760 గంటలే కదా. నా చేతికి రాకముందే అది ఎక్కడో రెండేళ్లకు పైగా రాత్రింబవళ్లు తిరిగిందన్నమాట. అదే పట్టికలో 05, సీ5, సీ6 అనే వరుసలు చూడాలి: పాడై పక్కన పెట్టిన సెక్టార్లు (డేటా రాసుకునే చిన్న గదులు), చదవలేక పెండింగులో ఉంచినవి, ఇక కుదరదని వదిలేసినవి. ఇవి సున్నా ఉండాలి, నా డ్రైవులో మూడూ రోజురోజుకూ పెరుగుతున్నాయి. (ఆ అంకెలు మొదట హెక్సాడెసిమల్‌లో, అంటే అంకెలతో పాటు ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు కూడా వాడే పద్ధతిలో కనిపిస్తాయి, సెట్టింగుల్లో మార్చుకోకపోతే తికమక పడతారు.) తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబరు కొడితే ఆ డ్రైవుకు విడిగా వారంటీ లేదని వచ్చింది.

గంటలు సున్నా చూపినంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి. వాడిన డ్రైవుల స్మార్ట్ లెక్కలను చెరిపేసి కొత్తవిగా అమ్మిన ఉదంతాన్ని 2025 జనవరిలో జర్మనీకి చెందిన హైజే అనే టెక్నాలజీ వార్తాసంస్థ బయటపెట్టింది. అవి సీగేట్ డ్రైవులు. వాటిలో ఫార్మ్ అనే మరో లెక్క విడిగా ఉండటం వల్ల అసలు గంటలు బయటపడ్డాయి. నాది ఆ కంపెనీ డ్రైవు కాదు, ఇక్కడ లెక్క చెరిపే శ్రమ కూడా ఎవరూ తీసుకోలేదు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. చప్పుడు చేస్తున్న డ్రైవు మీద చెక్‌డిస్క్ (డిస్క్ లోపాలను వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రామ్) నడిపాను. పోతున్న డ్రైవుకు అది వైద్యం కాదు, ఊపిరి ఉన్న కాసేపూ దానిని మరింత పరుగెత్తించడం. మొదట ముఖ్యమైన ఫైళ్లను వేరే డ్రైవులోకి తీసుకోవాలి, అది కూడా సాధ్యం కాకపోతే వెంటనే ఆపేసి, డీడీరెస్క్యూ (పాడవుతున్న డ్రైవు నుంచి డేటా కాపీ చేసే సాఫ్ట్‌వేర్) తెలిసినవారికో డేటా రికవరీ చేసేవారికో అప్పగించాలి. ఫ్రిజ్‌లో పెట్టడం, మూత విప్పడం లాంటి చిట్కాల జోలికి పోవద్దు. కొన్ని ఎక్స్‌టర్నల్ డ్రైవుల యూఎస్‌బీ బోర్డు డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి (రహస్య సంకేతాల్లోకి మార్చి) రాస్తుంది కాబట్టి, లోపలి డిస్క్‌ను తీసి నేరుగా కంప్యూటరుకు తగిలించినా చదవలేకపోవచ్చు. కెమెరా కార్డులను అప్పటికే ఫార్మాట్ చేసేసినందువల్ల ఒక పెళ్లిలో నలుగు వీడియో సగానికి పైగా పోయింది. ఆ ఇంటివారికి ఆ మాట చెప్పడానికి నేనే వెళ్లాను.

బిల్లు మీద “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అని ముద్ర ఉందని దుకాణంలో వాదించారు. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే ముప్పై రోజుల్లోగా వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఈ మాట అన్నాక స్వరం తగ్గించి, వేరే డ్రైవు ఇస్తామన్నారు. దానిని అక్కడే కౌంటర్ మీద ల్యాప్‌టాప్‌కు తగిలించి గంటలు చూపించమని అడిగితే, స్టాకు రేపు వస్తుందన్నారు. ఆ రేపు రెండుసార్లు గడిచాక, ఇరవై ఎనిమిదో రోజున జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, బిల్లు నకలునూ గంటలు కనిపించే స్క్రీన్‌షాట్‌నూ జతచేసి ఫిర్యాదు నమోదు చేశాను. డబ్బు ఇంకా రాలేదు.