డోల్‌బాదర్న్ కోట: మిగిలింది ఒక్క బురుజే, దానికే గంట పడుతుంది

వేల్స్‌లో కోట అనగానే కైర్నార్వన్ లాంటి పెద్ద కోటను మనసులో పెట్టుకుని వస్తే డోల్‌బాదర్న్ నిరాశ పరుస్తుంది. లాన్‌బెరిస్ ఊరి చివర, లిన్ పాదర్న్, లిన్ పెరిస్ అనే రెండు సరస్సుల మధ్య ఒక రాతి గుట్ట. దాని మీద గుండ్రటి బురుజు, పక్కన పడిపోగా మిగిలిన గోడలు. చాలామంది ఒక ఫొటో తీసుకుని పది నిమిషాల్లో దిగిపోతారు. గోడల్ని దగ్గరగా చూడకపోతే అంతకంటే చూసేదేమీ లేదు మరి. చూస్తే మాత్రం ఇంత చిన్న చోట ఇంత విషయం దొరకడం అరుదు.

ముందు ప్రాకారం గోడ దగ్గర వంగి చూడండి. పలకరాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయారు. రాయికీ రాయికీ మధ్య సున్నం లేదు. అక్కడి నుంచి బురుజు దగ్గరికి వచ్చి అదే ఎత్తులో గోడ చూడండి. ఇక్కడ రాళ్లను సున్నంతో కట్టారు, వరసలు బిగువుగా ఉన్నాయి. డబ్బు, నైపుణ్యం ఎక్కడ పోశారో ఈ తేడాలోనే తెలిసిపోతుంది. బురుజు దాదాపు 15 మీటర్ల ఎత్తున నేటికీ నిలిచి ఉంది. ప్రాకారం, హాలు, మిగతా చిన్న బురుజులు చాలావరకు పునాదుల స్థాయికి వచ్చేశాయి. ఆ పునాదుల మీద ఎక్కి నడవకండి. సున్నం లేని పేర్పులో ఒక రాయి కదిలితే పక్క రాళ్లకూ పట్టు పోతుంది.

ఈ బురుజును 13వ శతాబ్దం మొదటి భాగంలో ఉత్తర వేల్స్ రాజ్యం గ్వినెద్ పాలకుడు లెవెలిన్ ఆప్ యోర్వెర్త్ కట్టించాడన్నది చరిత్రకారుల మాట. ఈ గుండ్రటి ఆకారం సరిహద్దు ప్రాంతాల ఇంగ్లీషు ప్రభువుల కోటల్లో అప్పటికే ఉంది. మూల లేదు కాబట్టి శత్రువు తవ్వి కూల్చడానికి అనువైన చోటు దొరకదు. ప్రత్యర్థి దగ్గర పనికొచ్చే పద్ధతి కనబడితే దాన్ని తన కొండల్లోకి తెచ్చుకున్న పాలకుడి తెలివి అది.

ద్వారం నేల మీద ఉండదు, మొదటి అంతస్తులో ఉంటుంది. ఇప్పుడు ఎక్కే రాతి మెట్లు తర్వాతి కాలానివి. అప్పట్లో చెక్కమెట్లు ఉండేవి, వాటిని తీసేస్తే లోపలికి దారే లేదు. ద్వారానికి పైనుంచి కిందికి దించే కమ్మీల తలుపు రక్షణ. లోపలి చెక్క అంతస్తులు ఎప్పుడో పోయాయి. అందుకే ఒక్క చోట నిలబడి మూడు స్థాయులూ చూడొచ్చు: అడుగున చీకటి నేలగది, దానిమీద పొయ్యి ఉన్న గది, ఆపైన మరో గది. దూలాలు కూర్చున్న రంధ్రాలు వెతికితే అంతస్తు ఎక్కడ ఉండేదో తేలుతుంది. పైకి వెళ్లే మెట్లు గోడ మందంలోనే చుట్టుకుంటూ పోతాయి. ఈ భాగానికే ఎక్కువ సమయం కేటాయించండి.

1255లో తమ్ముడు లెవెలిన్ ఆప్ గ్రిఫిద్ (బురుజు కట్టించిన లెవెలిన్ మనవడు) చేతిలో ఓడిన ఒవైన్ గోఖ్‌ను ఇక్కడే బంధించారని పాత నమ్మకం. అతని చెర 1277 దాకా సాగింది. 1283లో ఇంగ్లీషు సేనలు తరుముతుంటే లెవెలిన్ మరో తమ్ముడు దావిద్ చివరి రోజుల్లో కొన్ని ఈ లోయలోనే గడిపాడు. కోట చేజిక్కాక ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ మనుషులు ఇక్కడి కలపను కైర్నార్వన్ కోట పనికి తరలించారు. చిత్రకారుడు టర్నర్ 1800లో ఈ బురుజును గీశాడు.

ఇక వెళ్లే సంగతి. ప్రవేశం ఉచితం. నిర్వహణ వేల్స్ వారసత్వ సంస్థ కాడూది. గుట్ట మీద సిబ్బంది ఉండరు, మరుగుదొడ్డి లేదు, అంగడి లేదు. అవసరాలన్నీ ఊళ్లోనే తీర్చుకుని బయలుదేరండి. తెరిచి ఉంచే వేళలు కాడూ వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి. దారి చిన్నదే కానీ నిటారు. వాన పడితే పలకరాయి సబ్బు రాసినట్టు జారుతుంది, ఈ లోయలో వానకు కొదవ లేదు. దిగేటప్పుడే ఎక్కువ జారుతుంది కాబట్టి అడుగు పట్టే బూట్లు తప్పనిసరి. చక్రాల కుర్చీకి, పసిపిల్లల బండికి ఈ దారి పనికిరాదు.

బురుజు దగ్గర నిలబడి లిన్ పెరిస్ అవతల చూస్తే కొండను మెట్లు మెట్లుగా కోసిన డినోర్విగ్ పలకరాయి గని కనిపిస్తుంది. 1969లో మూతపడింది. 2021లో ఉత్తర వేల్స్ పలకరాయి ప్రాంతాలతో పాటు యునెస్కో జాబితాలో చేరింది. ఆ కొండ లోపల నీటిని పైకి తోడి మళ్లీ కిందికి వదిలే జలవిద్యుత్ కేంద్రం ఉంది. లిన్ పెరిస్ దానికి కింది జలాశయం, అందుకే నీటిమట్టం ఒక్కరోజులోనే పైకీ కిందికీ మారుతుంది. లిన్ పాదర్న్ వైపు నుంచి, వెనక లోయ కనబడేలా ఫొటో కావాలంటే మధ్యాహ్నం దాటాక వెళ్లండి. పొద్దున సూర్యుడు బురుజు వెనకే ఉంటాడు.

ఇంకో రోజు చేతిలో ఉంటే డోల్విథెలన్ కోట కూడా చూడండి. అదీ లెవెలిన్ ఆప్ యోర్వెర్త్‌దే, కానీ బురుజు దీర్ఘచతురస్రం. దాని పైభాగం 19వ శతాబ్దపు మరమ్మతు. డోల్‌బాదర్న్ బురుజు తల మాత్రం విరిగింది విరిగినట్టే ఉంది.