కావడి గుడి, ఏతం గుడి: పర్లాకిమిడి నుంచి ముఖలింగం

బస ఒడిశాలోని పర్లాకిమిడిలో, చూడాల్సిన రెండు పాత శివాలయాలు సరిహద్దు ఇవతల శ్రీకాకుళం జిల్లా ముఖలింగంలో. యాత్ర ఇలా పెట్టుకుంటేనే సుఖం. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినా బజారులో తెలుగు చక్కగా చెల్లుతుంది. లాడ్జిలు సాదాసీదావే, డబ్బు కట్టే ముందు గదిలో కుళాయి తిప్పి చూసుకోండి. రైల్లో వచ్చేవాళ్లు నౌపడలో గుణుపురం లైను బండి ఎక్కాలి. ఆ లైన్లో బళ్లు తక్కువ. ముఖలింగానికి ఆటో మాట్లాడేటప్పుడు రానూపోనూ కిరాయితో పాటు అక్కడ ఆగే గంటలు కూడా తేల్చుకోండి. మూడు గంటలకు తగ్గితే దండగ.

ముందు సోమేశ్వరాలయం. మండపం లేదు, గర్భగుడి మీద శిఖరం ఒక్కటే. కావడిలా నడిమి గీతకు అటూ ఇటూ ఒకటే బరువు. గోడ మాత్రం చదును కాదు. మధ్య పట్టీ ముందుకు పొడుచుకొస్తుంది, మూల పట్టీలు వెనక్కి తగ్గుతాయి (కళింగ శిల్పులు మధ్యదాన్ని రాహా పాగ, మూలవాటిని కోణక పాగ అంటారు). ఏటవాలు ఎండలో ఆ సందుల్లో నిలువు నీడలు పడతాయి, కంటిని పైకి లాక్కెళ్లేవి అవే. మిట్టమధ్యాహ్నం అవి పోయి అడ్డగీతల నీడలే మిగులుతాయి, గుడి పొట్టిగా కనిపిస్తుంది. ఉదయమో, నాలుగు దాటాకో వెళ్లండి.

గుడి ఎత్తుకు రెండింతల దూరంలో నిలబడితే చూపు సుమారు 27 డిగ్రీలు లేపితే చాలు, మొత్తం కంట్లో పడుతుంది. దగ్గర నుంచి ఫోను వెనక్కి వంచి తీస్తే నిలువు గీతలు పైన కలుసుకుంటూ శిఖరం వెల్లకిలా పడుతున్నట్టు వస్తుంది. ఫోను నిటారుగా పట్టండి. కింద నేల ఎక్కువ పడితే తర్వాత కోసేసుకోవచ్చు.

మధుకేశ్వరాలయాన్ని ఎదురుగా కాదు, పక్క నుంచి చూడాలి. ఒక కొసన శిఖరం, రెండో వైపు తగ్గు ఎత్తున సాగిన మండపం. ఇది ఏతం లెక్క: ఇటు కురచగా బరువు, అటు పొడుగ్గా తేలిక. ఫొటోలో మండపాన్ని సగానికి కోసేస్తే శిఖరం ఒరిగినట్టుంటుంది, ఆ తప్పు గుడిది కాదు. నిత్యపూజలు జరిగే గుడి కాబట్టి శివరాత్రికి వాస్తు చూద్దామని మాత్రం రాకండి, జనం తలలే కనిపిస్తాయి.

ఒడిశా వైపున్న మహేంద్రగిరి మీది భీముడి గుడి పెద్ద పెద్ద బండలు పేర్చి కట్టింది. చిన్నదే అయినా బరువంతా కంటికి తెలుస్తుంది. 1,501 మీటర్ల కొండ, వానాకాలంలో మబ్బు కప్పేస్తుంది. దానికి వేరే రోజు పెట్టుకోండి. ఒక్కరోజులోనే రెండూ చూపిస్తామనే బండివాళ్లు ముఖలింగంలో గంట కాకముందే హారన్ కొడతారు.